నా కంప్యూటర్‌లో పనిచేసిన లింకులు సర్వర్‌లో ఎందుకు పనిచేయడం లేదు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో విషయం ఇది. మీరు ఐదారు పేజీల చిన్న వెబ్‌సైటును వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో సొంతంగా రాశారు. మీ కంప్యూటర్‌లో తెరిచి చూసినప్పుడు సైటులోని లింకులన్నీ పనిచేశాయి. సర్వర్‌లోకి, అంటే సైటును ఇంటర్నెట్‌లో అందరికీ అందించే కంప్యూటర్‌లోకి, ఎక్కించాక కొన్ని లింకులు నొక్కితే 404, అంటే పేజీ దొరకలేదనే సందేశం, వస్తోంది. వేరే సైటుకు ఇచ్చిన లింకు మాత్రం మీ సైటు పేరుతోనే మొదలయ్యే ఏదో వింత చిరునామాకు వెళుతోంది. వీటితో పాటు, పేజీ మధ్యలో ఉన్న ఒక భాగానికి నేరుగా లింకు ఇవ్వడం ఎలాగో, బయటి సైట్ల లింకులు కొత్త ట్యాబ్‌లో తెరుచుకోవాలో వద్దో కూడా అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీ ట్యాగులో, అంటే లింకును సూచించే కోడ్ గుర్తులో, తప్పు లేదు, ట్యాగులో మీరు రాసిన చిరునామాలో తప్పు ఉంది. 404 వస్తున్న లింకులలో ఫైలు పేరును అక్షరం అక్షరం పోల్చి చూడండి. చాలా వరకు పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ మధ్య తేడా బయటపడుతుంది. వింత చిరునామాకు వెళుతున్న లింకులో సైటు పేరుకు ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్ గుర్తు (:), రెండు స్లాష్‌లు (//) ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే కారణం అదే. పేజీ మధ్యలోకి లింకు ఇవ్వడానికి ఆ భాగానికి ఒక ఐడీ (గుర్తింపు పేరు) పెట్టి, చిరునామాలో హ్యాష్ గుర్తు తరువాత ఆ ఐడీని రాస్తే చాలు. కొత్త ట్యాబ్ విషయంలో నా సలహా, అలవాటుగా వద్దని.

ఇక వివరాలకు వస్తాను. ఈ సమాధానంలో కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే చూపుతున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ట్యాగుల పేర్లను, యాట్రిబ్యూట్‌ల (ట్యాగులో చేర్చే అదనపు వివరాల) పేర్లను, ఫైళ్ల పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో రాయాలి. ఒక లింకు మొత్తం స్వరూపం ఇంతే:

<ఏ హెచ్‌రెఫ్="పరిచయం.హెచ్‌టీఎంఎల్">రచయిత పరిచయం</ఏ>

ట్యాగు పేరు ఒకే అక్షరం, ఏ. అది యాంకర్ అనే మాటకు పొడి అక్షరం. హెచ్‌రెఫ్ అనేది ఎక్కడికి వెళ్లాలో చెప్పే యాట్రిబ్యూట్. తెరిచే ట్యాగుకూ మూసే ట్యాగుకూ మధ్య ఉన్న మాటలు చదివేవారికి కనిపించి, నొక్కడానికి వీలయ్యే భాగం. మూసే ట్యాగును మరచిపోతే తరువాతి పేరాలు కూడా లింకులో కలిసిపోతాయి కనుక ఆ తప్పు కంటికి వెంటనే కనబడుతుంది. ఒక లింకు లోపల మరొక లింకు పెట్టడాన్ని హెచ్‌టీఎంఎల్ అనుమతించదు. బొమ్మను లింకుగా చేయాలంటే మాటల స్థానంలో బొమ్మ ట్యాగును ఉంచితే సరిపోతుంది, కాని అప్పుడు ఆ బొమ్మ ఆల్ట్ వాక్యంలో (బొమ్మకు బదులుగా వినిపించే వివరణలో) లింకు ఎక్కడికి వెళుతుందో తప్పక రాయాలి, ఎందుకంటే బొమ్మను చూడలేని పాఠకునికి ఆ లింకు గురించి తెలిసేది ఆ వాక్యం ద్వారా మాత్రమే.

కొటేషన్ గుర్తుల గురించి ఒక హెచ్చరిక. కోడ్‌ను వర్డ్ ప్రాసెసర్‌లో రాసి అతికించినప్పుడు నిటారుగా ఉండవలసిన కొటేషన్ గుర్తులు వంపు తిరిగిన గుర్తులుగా మారిపోతాయి. బ్రౌజర్ వాటిని కొటేషన్లుగా గుర్తించదు; చిరునామాలో భాగమే అనుకుంటుంది. లింకు నొక్కినప్పుడు అడ్రస్ బార్‌లో ఫైలు పేరుకు అటూ ఇటూ శాతం గుర్తులు, అంకెలు కనిపిస్తే ఇదే జరిగిందని నిర్ధారించుకోవచ్చు. కోడ్‌ను సాదా టెక్స్ట్ ఎడిటర్‌లోనే రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవడం మంచిది.

బ్రౌజర్ చిరునామాను ఎక్కడ నిలబడి చదువుతుంది?

లింకుల విషయంలో కొత్తవారికి నేను ఎక్కువ సమయం వెచ్చించి చెప్పేది ఈ ఒక్క సంగతే. హెచ్‌రెఫ్‌లో మీరు రాసింది పూర్తి చిరునామా కాకపోతే, బ్రౌజర్ తాను ప్రస్తుతం చూపిస్తున్న పేజీ చిరునామాను ఆధారంగా తీసుకొని మిగిలిన భాగాన్ని తానే పూరించుకుంటుంది. అంటే ఒకే హెచ్‌రెఫ్‌ను రెండు వేర్వేరు ఫోల్డర్లలోని పేజీలలో రాస్తే అది రెండు వేర్వేరు చోట్లకు దారి తీస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ సైటు ప్రధాన ఫోల్డరులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్, పరిచయం.హెచ్‌టీఎంఎల్ అనే రెండు ఫైళ్లు ఉన్నాయి. దాని లోపల పాఠాలు అనే ఫోల్డరు, అందులో ఒకటి.హెచ్‌టీఎంఎల్, రెండు.హెచ్‌టీఎంఎల్ ఉన్నాయి. ఇండెక్స్ పేజీ నుంచి మొదటి పాఠానికి వెళ్లాలంటే ఒక ఫోల్డరు లోపలికి దిగాలి కనుక «పాఠాలు/ఒకటి.హెచ్‌టీఎంఎల్» అని రాయాలి. మొదటి పాఠం నుంచి రెండో పాఠానికి రెండూ ఒకే ఫోల్డరులో ఉన్నాయి కనుక «రెండు.హెచ్‌టీఎంఎల్» అంటే చాలు. మొదటి పాఠం నుంచి పరిచయానికి రావాలంటే ఒక మెట్టు పైకి ఎక్కాలి, దానికి రెండు చుక్కలు, స్లాష్ రాసి «../పరిచయం.హెచ్‌టీఎంఎల్» అనాలి. రెండు మెట్లు ఎక్కవలసి వస్తే ఆ చుక్కలూ స్లాష్ రెండుసార్లు వస్తాయి. ఈ పద్ధతిని రిలేటివ్ పాత్ అంటారు.

ఇండెక్స్ పేజీలో సక్రమంగా ఉన్న మెనూను యథాతథంగా పాఠాల ఫోల్డరులోని పేజీలలోకి కాపీ చేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఆ పేజీలలో «పాఠాలు/ఒకటి.హెచ్‌టీఎంఎల్» అనే మాటకు అర్థం, పాఠాలు ఫోల్డరు లోపల మరొక పాఠాలు ఫోల్డరు అని మారిపోతుంది, అలాంటిది లేదు కనుక 404 వస్తుంది. 404 పేజీ తెరుచుకున్నప్పుడు దానిని వెంటనే మూసివేయకుండా అడ్రస్ బార్‌ను చదవమని నేను అందరికీ చెబుతాను. బ్రౌజర్ మీ మాటను ఎలా అర్థం చేసుకుందో అక్కడ పూర్తిగా రాసి ఉంటుంది. ఫోల్డరు పేరు రెండుసార్లు కనిపించిందంటే మూల కారణం దొరికినట్లే.

మరో పద్ధతి కూడా ఉంది. చిరునామాను స్లాష్‌తో మొదలుపెట్టి «/పరిచయం.హెచ్‌టీఎంఎల్» అని రాస్తే, బ్రౌజర్ ప్రస్తుత పేజీ ఏ ఫోల్డరులో ఉన్నా పట్టించుకోకుండా సైటు మొదటి నుంచి లెక్క వేస్తుంది. అన్ని పేజీలలో ఒకే మెనూ ఉండే సైట్లకు ఇది చాలా అనుకూలం. అయితే దీనికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, ఫైలును సర్వర్ లేకుండా నేరుగా మీ కంప్యూటర్‌లో తెరిస్తే ఆ స్లాష్‌కు అర్థం మీ సైటు ఫోల్డరు కాదు, డిస్కు మొదలు. కాబట్టి అక్కడ లింకులు పనిచేయవు. రెండోది నా అనుభవంలోనిది. ఒక సంస్థ కోసం నేను మెనూ మొత్తాన్ని ఈ పద్ధతిలో రాసి ఇచ్చాను. కొన్నాళ్లకు వారు ఆ సైటును పెద్ద సైటులో ఒక ఉప ఫోల్డరుగా చేర్చారు. ఆ రోజున మెనూలోని ప్రతి లింకూ పెద్ద సైటు మొదటికి వెళ్లి తప్పిపోయింది, పేజీల మధ్య ఉన్న రిలేటివ్ లింకులు మాత్రం చెక్కు చెదరలేదు. అప్పటి నుంచి, సైటు స్థలం మారే అవకాశం ఉందా అని ముందుగా అడగకుండా నేను ఈ పద్ధతిని ఎంచుకోవడం లేదు.

పూర్తి చిరునామాను వేరే సైట్లకు లింకు ఇచ్చేటప్పుడు వాడాలి. అడ్రస్ బార్‌లో సైటు పేరు మాత్రమే టైపు చేసినా బ్రౌజర్ దారి కనుక్కుంటుంది కనుక హెచ్‌రెఫ్‌లో కూడా అలాగే సరిపోతుందని చాలామంది భావిస్తారు. కాని అడ్రస్ బార్ ఊహించి సాయం చేస్తుంది, హెచ్‌రెఫ్ ఊహించదు. ముందు భాగం లేకుండా ఒక సైటు పేరును రాస్తే, అది మీ ఫోల్డరులో ఉన్న ఒక ఫైలు పేరు అనుకొని బ్రౌజర్ మీ సర్వర్‌లోనే దానిని వెతుకుతుంది. మీరు చెప్పిన వింత చిరునామాకు ఇదే కారణమని నేను దాదాపు నిశ్చయంగా అనుకుంటున్నాను.

కంప్యూటర్ క్షమించేది, సర్వర్ క్షమించనిది

విండోస్‌లోను, మామూలుగా అమర్చిన మ్యాక్ కంప్యూటర్లలోను ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను పట్టించుకోరు. వెబ్ సర్వర్లలో ఎక్కువగా నడిచే లినక్స్‌లో మాత్రం ఒక్క అక్షరం పెద్దదైనా అది వేరే ఫైలే. అందుకే మీ దగ్గర పనిచేసినది అక్కడ పనిచేయలేదు. కెమెరా నుంచి వచ్చిన ఫొటోల పేర్లలో జేపీజీ అనే చివరి మూడు అక్షరాలు తరచుగా పెద్ద అక్షరాలలో ఉంటాయి. పేజీలో వాటిని చిన్న అక్షరాలలో రాసి తరువాత గంటల తరబడి వెతికినవారిని నేను ఎందరినో చూశాను. ఫోల్డర్లకు, ఫైళ్లకు అన్నిటికీ చిన్న అక్షరాలే వాడండి. మాటల మధ్య ఖాళీకి బదులు హైఫన్ పెట్టండి. ఖాళీ ఉన్న చోట చిరునామాలో శాతం గుర్తు, 20 అనే అంకె వచ్చి చేరతాయి. అలాంటి చిరునామాను ఈమెయిలులో అతికిస్తే ఖాళీ దగ్గర తెగిపోయే ప్రమాదమూ ఉంది.

ఫైలు పేరును తెలుగులో పెట్టవచ్చా అని మీరు అడగలేదు, కాని తెలుగు పేజీలు రాసేవారికి ఆ ఆలోచన తప్పక వస్తుంది. పెట్టవచ్చు, బ్రౌజర్లు చూపిస్తాయి కూడా. అయితే అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా మారుతుంది. గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే కనుక «తెలుగు» అనే చిన్న మాటలో 6 సంకేతాలు ఉన్నాయి. కాపీ చేసి అతికిస్తే అది 54 అక్షరాల పొడవైన గొలుసు అవుతుంది. మొదటి సైటుకు ఇంగ్లీషు అక్షరాల ఫైలు పేర్లు, తెలుగు లింకు మాటలు మేలని నా అభిప్రాయం.

డ్రైవు పేరుతో మొదలయ్యే చిరునామా మరొక ఉచ్చు. కొన్ని ఎడిటర్లు బొమ్మనో పేజీనో ఎంచుకున్నప్పుడు మీ కంప్యూటర్‌లోని పూర్తి దారిని హెచ్‌రెఫ్‌లో రాసేస్తాయి. మీ కంప్యూటర్‌లో ఆ ఫైలు నిజంగానే అక్కడ ఉంది కనుక లింకు పనిచేస్తుంది. మరెవరి కంప్యూటర్‌లోను పనిచేయదు. సైటు ఫోల్డరు మొత్తంలో ఫైల్ అనే మాటతోనో డ్రైవు పేరుతోనో మొదలయ్యే చిరునామాలు ఉన్నాయేమో వెతికి చూస్తే ఇవి ఒక్క నిమిషంలో బయటపడతాయి.

పేజీలోని ఒక భాగానికి లింకు

ఏ శీర్షికకు వెళ్లాలో ఆ శీర్షిక ట్యాగులో ఐడీ="ముగింపు" అని పెట్టి, లింకులో హెచ్‌రెఫ్="#ముగింపు" అని రాయండి. వేరే పేజీలోని భాగానికైతే ముందు ఫైలు పేరు, ఆ వెంటనే హ్యాష్, ఆపైన ఐడీ వస్తాయి. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కసారే ఉండాలి, అందులో ఖాళీలు ఉండకూడదు, పెద్ద చిన్న అక్షరాల తేడా ఇక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. పాత పాఠాలలో దీనికోసం యాంకర్ ట్యాగుకే నేమ్ యాట్రిబ్యూట్ పెట్టమని చెబుతారు; ఇప్పుడు దాని అవసరం లేదు, ఐడీని ఏ ట్యాగుకైనా నేరుగా పెట్టవచ్చు. పేజీ పైభాగంలో కదలకుండా నిలిచే పట్టీ ఉంటే, లింకు నొక్కి చేరుకున్న శీర్షిక దాని వెనుక దాగిపోతుంది. ఆ శీర్షికకు, పేజీ రూపాన్ని తీర్చిదిద్దే సీఎస్‌ఎస్‌లో స్క్రోల్-మార్జిన్-టాప్ ఇస్తే అంత దూరం వదిలి ఆగుతుంది.

ఈమెయిలుకు మెయిల్‌టూ, ఫోను నంబరుకు టెల్ అనే ముందు భాగాలు, వాటి తరువాత కోలన్ గుర్తు (:) వాడతారు. ఫోను నంబరును ప్లస్ గుర్తు, దేశపు కోడ్‌తో సహా రాయడం మంచిది. ఎక్కడికీ వెళ్లకుండా పేజీలో ఏదో ఒక పని చేయించడానికి మాత్రం లింకును వాడవద్దు. దానికి బటన్ ట్యాగు ఉంది.

కొత్త ట్యాబ్ గురించి

టార్గెట్ యాట్రిబ్యూట్‌కు _బ్లాంక్ అనే విలువ ఇస్తే లింకు కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. పాఠకుడు మన సైటును వదిలి వెళ్లకూడదనే కోరికతో చాలామంది దీనిని అన్ని లింకులకూ పెడతారు. కాని కొత్త ట్యాబ్ కావాలనుకున్నవారు దానిని తామే తెరుచుకోగలరు. వద్దనుకున్నవారికి మనం బలవంతంగా తెరిస్తే ఆపడానికి వారి చేతిలో సులభమైన మార్గం లేదు. పైగా కొత్త ట్యాబ్‌లో వెనక్కి వెళ్లే బటన్ పనిచేయదు కనుక, ట్యాబ్ మారిన సంగతి గమనించనివారు, ముఖ్యంగా తెరను చూడలేనివారు, దారి తప్పుతారు. పొడవైన ఫారం నింపుతున్నప్పుడు మధ్యలో సహాయ పేజీకి లింకు ఇవ్వవలసి వస్తే మాత్రం నేను కొత్త ట్యాబ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ పేజీ మారితే అప్పటి వరకు నింపినది పోవచ్చు. అప్పుడు కూడా కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుందని లింకు మాటల్లోనే చెబుతాను.

దీనికి భద్రతా కోణం ఒకటి ఉంది. కొత్త ట్యాబ్‌లో తెరుచుకున్న పేజీ తనను తెరిచిన మీ పేజీని వేరే చిరునామాకు మళ్లించే వీలు గతంలో ఉండేది. రెల్ యాట్రిబ్యూట్‌కు నోఓపెనర్ అనే విలువ ఇస్తే ఆ వీలు పోతుంది. క్రోమ్ 2021లో వచ్చిన 88వ వెర్షన్ నుంచి ఈ రక్షణను తానే అమలు చేస్తోంది, మిగిలిన ప్రధాన బ్రౌజర్లు కూడా అంతే. పాత బ్రౌజర్లు వాడేవారి కోసం నేను ఇప్పటికీ దానిని రాస్తూనే ఉన్నాను.

లింకుగా ఏ మాటలను ఎంచుకోవాలి

మీరు అడగని ఈ విషయం నాకు మిగిలినవాటికంటే ముఖ్యమైనది. కొన్నేళ్ల క్రితం నేను తయారుచేసిన ఒక పేజీలో పద్నాలుగు పత్రాల జాబితా ఉండేది, ప్రతి పత్రం వివరణ చివర «ఇక్కడ నొక్కండి» అని లింకు పెట్టాను. చూపులేని ఒక పాఠకురాలు ఆ పేజీ గురించి నాకు రాశారు. తెర మీది మాటలను చదివి వినిపించే, ఆమె వాడే స్క్రీన్ రీడర్‌లో పేజీలోని లింకులన్నిటినీ ఒకే జాబితాగా విని, కావలసినదానిని ఎంచుకునే సదుపాయం ఉంది. నా పేజీలో ఆమెకు వినిపించింది «ఇక్కడ నొక్కండి» అనే మాట పద్నాలుగు సార్లు మాత్రమే. ఆ సాయంత్రమే ప్రతి లింకునూ పత్రం పేరుతో తిరిగి రాశాను, ఆ తరువాత మళ్లీ ఎన్నడూ అలా రాయలేదు. లింకు ఉద్దేశం దాని మాటల ద్వారా, లేదా ఆ మాటలకు చుట్టూ ఉన్న సందర్భం ద్వారా తెలియాలన్నది వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందుబాటులో ఉండాలనే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలలో కనీస స్థాయి నియమాలలో ఒకటి. సందర్భం మీద ఆధారపడకుండా, విడిగా చదివినా అర్థమయ్యే మాటలనే ఎంచుకోమని నేను చెబుతాను.

లింకు కింది గీతను అందం కోసం తీసివేయాలనే కోరిక కూడా కలుగుతుంది. మెనూలో తీసివేసినా నష్టం లేదు, పేరా మధ్యలో మాత్రం ఉంచండి. రంగు ఒక్కటే తేడా అయితే రంగుల తేడాను గుర్తించలేనివారికి అక్కడ లింకు ఉన్నట్టే తెలియదు. తెలుగులో ఒత్తులు, కింది భాగాలు గీతకు తగిలి చదవడం కష్టంగా ఉంటుందన్నది నిజమే. దానికి పరిష్కారం గీతను తొలగించడం కాదు, టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ అనే సీఎస్‌ఎస్ గుణంతో గీతను కొంచెం కిందికి దించడం. నేను 0.3 ఈఎమ్ (అక్షరాల సైజులో 0.3 వంతు) దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి సర్దుతాను.

ఈ రోజు పనిచేసిన లింకు రేపు కూడా పనిచేయాలంటే

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించి రూపొందించినప్పుడు లింకును ఒకవైపు దారిగానే ఉంచారు. మీరు లింకు ఇస్తున్న పేజీకి ఆ సంగతి తెలియనక్కరలేదు, దాని యజమాని అనుమతి అక్కరలేదు. వెబ్ ఇంత వేగంగా పెరగడానికి ఆ నిర్ణయం ముఖ్యమైన కారణం. కాని ఆ పేజీ తొలగిపోయినప్పుడు మీ లింకుకు ఆ విషయం చెప్పేవారు ఎవరూ లేకపోవడానికి కూడా అదే కారణం. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ప్రకటించింది. బయటి లింకులను ఏడాదికి ఒకటి రెండుసార్లైనా పరీక్షించక తప్పదు. లింకులను వరసగా తనిఖీ చేసే ఉచిత సాధనాలు చాలా ఉన్నాయి.

మీ వైపు నుంచి చేయగలిగింది, ఒకసారి బయటపెట్టిన చిరునామాను మార్చకపోవడం. నేను ఒక సైటును పునర్వ్యవస్థీకరిస్తూ ఫైళ్ల పేర్లన్నీ మార్చివేశాను. సైటు లోపలి లింకులను జాగ్రత్తగా సరిదిద్దాను కాని, ఇతరులు తమ పేజీలలో ఇచ్చుకున్న లింకులు ఉంటాయన్న ఆలోచన రాలేదు. ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు పంచిన కాగితాలలోని చిరునామా ఎక్కడికీ వెళ్లడం లేదని రాసేవరకు నాకు తెలియలేదు. పేరు మార్చక తప్పనప్పుడు పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్, అంటే శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటు, చేయాలి. ఎలా చేయాలో మీ సర్వర్ ఇచ్చినవారి సహాయ పేజీలలో ఉంటుంది.

ఇప్పుడు మీ సైటుకు వస్తే, ముందుగా ఫైళ్ల పేర్లన్నిటినీ చిన్న అక్షరాలలోకి మార్చి, పేజీలలోని హెచ్‌రెఫ్‌లను వాటితో సరిచూడండి. తరువాత పాఠాల వంటి లోపలి ఫోల్డర్లలోని పేజీలను ఒక్కొక్కటిగా సర్వర్ నుంచే తెరిచి, మెనూలోని ప్రతి లింకునూ నొక్కండి. సర్వర్‌లో పాత పేరుతో ఉన్న ఫైళ్లు మిగిలి ఉంటే తప్పు కనబడకుండా పోవచ్చు కనుక వాటిని తొలగించాకే పరీక్షించండి. అప్పటికీ ఏదైనా లింకు 404 చూపితే, ఆ లింకు ఉన్న పేజీ ఏ ఫోల్డరులో ఉందో, హెచ్‌రెఫ్‌లో ఏమి రాశారో, నొక్కిన తరువాత అడ్రస్ బార్‌లో ఏమి కనిపించిందో, ఈ మూడింటినీ ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ మూడూ పక్కపక్కన ఉంటే తప్పు ఎక్కడుందో చూసి చెప్పగలను.